హన్మకొండలో ప్రైవేట్ కాలేజీ బీఏ: చేరేముందు ఏం చూడాలి, చుట్టుపక్కల ఎక్కడ ఉండాలి?

రేగొండ రోడ్డు:

అందరికీ నమస్తే. మా చెల్లె ఇంటర్ హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) తెలుగు మీడియంలో పాసైంది. టీచర్ కావాలని కోరిక, గ్రూప్స్ కూడా రాస్తానంటోంది. హన్మకొండలోని ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్లు ఇంటికొచ్చి, తమ దగ్గర బీఏ లిబరల్ ఆర్ట్స్ పద్ధతిలో నడుస్తుందనీ, ఫీజంతా ప్రభుత్వ రీయింబర్స్‌మెంట్‌లో పోతుందనీ, టీసీ, మెమోలు ఇప్పుడే ఇస్తే దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్) పని అంతా తామే చూసుకుంటామనీ చెప్పి వెళ్లారు. మాది భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పల్లె. ఆ మాటలు ఎంతవరకు నమ్మొచ్చు? కాలేజీ మంచిదో కాదో పోయి చూస్తే తెలుస్తుందా? రోజూ బస్సులో వచ్చిపోవడం నయమా, అక్కడే ఉండడం నయమా? ఉంటే ఏ వైపు చూడాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయగలరు.

సుబేదారి సార్:

ముందుగా ఒక్కటే మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. సీటు అలాట్ అయి, మీరు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి (ఆ సీటు కావాలని తెలిపి), కాలేజీకి పోయి చేరే రోజు దాకా వాటితో కాలేజీకి పనే లేదు. ముందే తీసుకునేది పిల్ల వేరే కాలేజీ వైపు చూడకుండా ఉండడానికే.

2016 నుంచి డిగ్రీ సీట్లు దోస్త్ ద్వారానే నింపుతున్నారు. దాన్ని మీ ఇంట్లో ఫోన్లోనే చేసుకోవచ్చు. మొట్టమొదట చెల్లె ఆధార్‌కు పనిచేసే ఫోన్ నంబర్ లింక్ అయి ఉందో లేదో చూడండి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. పాత నంబర్ ఉంటే ఆధార్ సెంటర్‌కు పోయి మార్పించండి. అప్‌డేట్ అవడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు. మొదటి విడత రిజిస్ట్రేషన్‌కు 200 రూపాయలు, ఆలస్యంగా రెండో మూడో విడతలో వస్తే 400. రిజిస్ట్రేషన్ కాగానే దోస్త్ ఐడీ, పిన్ వస్తాయి. ఆ రెండూ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి, కాలేజీ పీఆర్వోలకు చెప్పొద్దు. "మేమే చేస్తాం" అనేవాళ్లు ఈ పిన్ తీసుకుని వెబ్ ఆప్షన్లలో తమ కాలేజీ ఒక్కటే పెట్టి వదిలేస్తారు. ఆ తర్వాత పిల్లకు మార్కులు ఎన్ని ఉన్నా ఇంకో సీటు రాదు, ఎందుకంటే అడిగిందే ఒక్కటి.

ఆప్షన్లు కనీసం పది, పదిహేను పెట్టండి. ఆప్షన్ అంటే కాలేజీ ఒక్కటే కాదు, కాలేజీ ప్లస్ సబ్జెక్టుల కాంబినేషన్. ప్రైవేట్ కాలేజీతో పాటు కాకతీయ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, వడ్డేపల్లిలోని పింగళి మహిళా కాలేజీ, సుబేదారిలోని యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ కూడా తప్పక పెట్టండి. బీఏకు వీటికంటే మేలైన ప్రైవేట్ కాలేజీ హన్మకొండలో ఉందంటే నేను గట్టి రుజువు అడుగుతాను.

సీటు వచ్చాక గడువులోపు సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. చేసినంత మాత్రాన కట్టుబడిపోయినట్టు కాదు. తర్వాతి విడతలో పై ఆప్షన్ వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. సెల్ఫ్ రిపోర్టింగ్ చేసినప్పుడు ఫోన్‌కు సీసీఓటీపీ అని ఒక నంబర్ వస్తుంది. కాలేజీకి పోయి, అంతా చూసుకుని, ఇక్కడే చేరతాం అనుకున్నప్పుడు మాత్రమే ఆ నంబర్ చెప్పండి. అది చెప్పాక మీ సీటు అక్కడ ఖాయం. ఎక్కడైనా చిక్కుపడితే ప్రభుత్వ కాలేజీల్లో దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్లు ఉంటాయి, డబ్బులు అడగరు.

నయీంనగర్ నివాసి:

తమ్మీ, కాలేజీ సంగతి పై సారు చెప్పిండు. ఉండే జాగ గురించి నేను చెప్త.

హన్మకొండల డిగ్రీ పిల్లలు ఎక్కువ ఉండేది నయీంనగర్, కిషన్‌పుర, కేయూ క్రాస్ రోడ్స్, సుబేదారి, బాలసముద్రం, నక్కలగుట్ట. కొంచెం దూరం పోతె భీమారం, చింతగట్టు, ఎర్రగట్టుగుట్ట దిక్కు రూంలు అగ్గువకు దొరుకుతయి. కాని ఆడివిల్ల పొద్దుగూకినంక ఒంటరిగ ఆటో ఎక్కాలె అంటే అంత దూరం మంచిది కాదు. కాలేజీకి నడిచిపోయేటంత దగ్గర చూడుండ్రి, కిరాయి నాలుగు పైసలు ఎక్కువైనా సరే. ఆటో కిరాయి రెండు పూటలది లెక్కేస్తె అంతకంత అయితది.

ఇగ అసలు ముచ్చట నీళ్లు. నయీంనగర్ నాలా పొంటి, సమ్మయ్యనగర్, గోపాలపూర్ దిక్కు వానకాలం జాగ్రత్త. 2020 ఆగస్టుల, 2023 జులైల ఇండ్లల్లకు నీళ్లొచ్చినయి. 2025 అక్టోబర్ ఆఖర్ల మొంథా తుపాన్‌కు సమ్మయ్యనగర్ మళ్ల మునిగింది. వడ్డేపల్లి, గోపాలపూర్ చెరువుల దిక్కు నుంచి వచ్చే నీళ్లు, పట్నం మోరీల నీళ్లు ఒక్కసారి నాలాల పడుతయి, నాలాకేమో అంత వెడల్పు లేదు. బ్రిడ్జి కొత్తది కట్టిండ్రు, గోడలు లేపిండ్రు, అయినా కింది అంతస్తు రూం మాత్రం తీసుకోకుండ్రి. రూం చూడపోయినప్పుడు గోడకు మోకాలు ఎత్తుల తేమ గీత ఉన్నదా, కొత్త సున్నం కిందికెల్లి ఉబ్బిందా చూడుండ్రి. పక్కింటోల్లను "వానకు ఈడిదాక నీళ్లొస్తయా" అని అడుగుండ్రి. ఓనర్‌ను అడిగితె రావనే అంటడు. బుక్కులు, సర్టిఫికెట్లు ఎప్పుడైనా సరే సజ్జ మీదనే.

లేడీస్ హాస్టల్ అయితె అడగాల్సినయి ఇంకో రకం. రూంకు ఎంతమంది, బాత్రూం ఎంతమందికి ఒకటి, రాత్రి గేటు ఎప్పుడు పెడ్తరు, వార్డెన్ ఆడనే పంటదా, కరెంటు బిల్లు కలిపిండ్రా విడిగనా. బతుకమ్మ, దసరా, సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతె ఆ రోజులకు మెస్ పైసలు తగ్గిస్తరా లేదా, ఇది ముందుగల్లనే మాట్లాడుకోవాలె. అడ్వాన్సు ఇచ్చినప్పుడు రశీదు మీద "ఖాళీ చేసేటప్పుడు ఎంత వాపసు" అన్నది రాయించుకోండ్రి, నోటిమాటతోని వదిలేయొద్దు. ఓసారి పొద్దుగాల ఏడు గంటలకు పోయి చూడుండ్రి. ఆ టైంల నీళ్లు సక్కగ వస్తున్నయా, టిఫిన్ పిల్లలందరికి అందుతున్నదా, కండ్ల ముందట కనవడ్తది.

ప్రైవేట్ హాస్టల్ కంటె ముందు ప్రభుత్వ కాలేజీ హాస్టల్ అడుగుండ్రి. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు వేరువేరుగ ఉన్నయి. సీట్లు తక్కువ, అడ్మిషన్ కాంగనే దరఖాస్తు పెట్టాలె.

రేగొండ రోడ్డు:

ఇద్దరికీ థాంక్స్. టీసీ ఇవ్వలేదు, ఇవ్వం. ఇంకో సందేహం. ఆ కాలేజీ వాళ్లు హిస్టరీ, పొలిటికల్ సైన్స్, కంప్యూటర్ అప్లికేషన్స్ కాంబినేషన్ తీసుకోమంటున్నారు. "ఈ రోజుల్లో కంప్యూటర్ లేకుంటే ఉద్యోగం రాదు" అంటున్నారు. టీచర్, గ్రూప్స్ అనుకునేవాళ్లకు అది సరైనదేనా? లిబరల్ ఆర్ట్స్ అంటే దీనికీ మామూలు బీఏకూ తేడా ఏమిటి?

భాషానిలయం మెట్లు:

కాంబినేషన్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే కాలేజీ పేరుకంటే ఇదే ఎక్కువ కాలం వెంట వస్తుంది.

గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. జనరల్ స్టడీస్ ఒకటి. మిగతా మూడు: చరిత్ర, రాజ్యవ్యవస్థ, సమాజం ఒక పేపర్. ఎకానమీ, అభివృద్ధి ఇంకోటి. తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మరొకటి. అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చదివిన పిల్ల డిగ్రీలోనే ఆ 600 మార్కుల్లో పెద్ద భాగానికి పునాది వేసుకుంటుంది. ఎకనామిక్స్ తీసేసి కంప్యూటర్ అప్లికేషన్స్ పెడితే 150 మార్కుల పేపర్‌ను తర్వాత కోచింగ్‌లో మొదటినుంచి నేర్చుకోవాలి. కంప్యూటర్ మీద టైపింగ్, ఎక్సెల్ కావాలంటే సెలవుల్లో విడిగా నేర్చుకోవచ్చు, ఎకనామిక్స్ అట్లా రాదు. పైగా హెచ్ఈసీలో ఇప్పటికే రెండేళ్లు చదివిన సబ్జెక్టు అది.

టీచర్ వైపు చూస్తే, బీఈడీకి ఎడ్‌సెట్ రాయాలంటే డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40. సోషల్ మెథడాలజీ తీసుకుని తర్వాత స్కూల్ అసిస్టెంట్ సోషల్‌కు పోవాలంటే డిగ్రీలో సోషల్ సబ్జెక్టులు ఎన్ని ఉంటే అంత నిశ్చింత. 2024 డీఎస్సీ నోటిఫికేషన్ డౌన్‌లోడ్ చేసి అర్హతల పట్టికలో స్కూల్ అసిస్టెంట్ సోషల్ వరుస చదివి, మీరు ఎంచుకునే మూడు సబ్జెక్టులను దాని పక్కన పెట్టి చూడండి. పది నిమిషాల పని. తెలుగు టీచర్ కావాలని ఆమెకు మనసులో ఉంటే మాత్రం తెలుగు సాహిత్యం ఒక సబ్జెక్టుగా ఉన్న కాంబినేషనే వెతకాలి, అందరూ చదివే సెకండ్ లాంగ్వేజ్ తెలుగు దానికి సాటి రాదు.

లిబరల్ ఆర్ట్స్ గురించి. బోర్డు మీద ఏం రాసుకున్నా, కాకతీయ యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న మామూలు కాలేజీ యూనివర్సిటీ సిలబస్సే చెప్పాలి, యూనివర్సిటీ పరీక్షే రాయించాలి. ఆరు సెమిస్టర్లు, చివరికి వచ్చేది కేయూ డిగ్రీ. సొంతంగా సిలబస్ మార్చుకునే వీలు అటానమస్ (స్వయంప్రతిపత్తి ఉన్న) కాలేజీలకే ఉంటుంది, అది కూడా యూనివర్సిటీ పరిధిలోనే. నిజంగా ఆ పద్ధతిలో నడిచేవి వేరు. హర్యానా సోనీపత్‌లోని అశోకా, తిరుపతి జిల్లా శ్రీసిటీలోని క్రియా, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ. అక్కడ సైన్స్ పిల్ల చరిత్ర చదువుతుంది, చరిత్ర పిల్ల గణాంకాలు చదువుతుంది. మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మైనర్ (తోడు సబ్జెక్టు) ఉంటాయి. వ్యాసాలు రాయిస్తారు, రాసినదాన్ని దిద్ది మళ్లీ రాయిస్తారు. ఫీజులు చాలా ఎక్కువ, అయితే కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం కూడా ఇస్తారు. చదువంతా ఇంగ్లీషులో. దరఖాస్తులు ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలోనే మొదలవుతాయి కాబట్టి ఫలితాలు వచ్చాక చూద్దామంటే ఆలస్యమవుతుంది. ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల పోర్టల్) రీయింబర్స్‌మెంట్ వస్తుందని లెక్కేసుకుని అటు పోవద్దు.

ఆ తరహా చదువు ప్రభుత్వ ఫీజుల్లో కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, సీయూఈటీ (కేంద్రీయ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. మీకు ఇంకా దగ్గరిది ములుగులోని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం. 2024లో ఇంగ్లీష్, ఎకనామిక్స్ బీఏ ఆనర్స్‌తో జాకారంలో తాత్కాలిక భవనంలో తరగతులు మొదలయ్యాయి. పేరులో గిరిజన అని ఉన్నా అన్ని వర్గాలవాళ్లూ చేరొచ్చు. ఈ సంగతి మన జిల్లాల్లో చాలామంది తల్లిదండ్రుల దాకా చేరలేదు, అందుకే నొక్కి చెబుతున్నాను.

ఇక కాలేజీని పోయి చూడడం. ఎండాకాలం తరగతులు ఉండవు కానీ సాధారణంగా సెమిస్టర్ పరీక్షలు ఉంటాయి. పరీక్ష అయ్యాక గేటు దగ్గర బీఏ రెండో సంవత్సరం, ఫైనలియర్ పిల్లలను పట్టుకోండి. "మీ సెక్షన్‌లో ఎంతమంది? హిస్టరీకీ పొలిటికల్ సైన్స్‌కూ వేరువేరు సార్లున్నారా, ఒక్కరే చెప్తారా? ఎకనామిక్స్ సార్ ఏడాదిలో ఎన్నిసార్లు మారారు?" ఈ మూడూ అడగండి. బీఏ చాలా ప్రైవేట్ కాలేజీల్లో బీకాం కంప్యూటర్స్ పక్కన పేరుకు నడుస్తుంది. పిల్లలు తక్కువగా చేరితే కాంబినేషన్ తీసేసి ఇంకోదానిలోకి మార్చమంటారు, లేదా పీరియడ్‌కు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వస్తారు. కంప్యూటర్ కాంబినేషన్ వైపు తోయడానికి కారణం చాలాసార్లు ఇదే. ఆ సబ్జెక్టుకు బీకాం సెక్షన్ లెక్చరర్ ఇప్పటికే ఉంటారు, ఎకనామిక్స్‌కు కొత్తగా ఒకరిని పెట్టాల్సి వస్తుంది.

ఆఫీసులో ఈ ఏడాది కేయూ అఫిలియేషన్ (అనుబంధ గుర్తింపు) ఆర్డర్ చూపించమనండి, అందులో మీ కాంబినేషన్ పేరు ఉండాలి. న్యాక్ (కాలేజీల నాణ్యతను అంచనా వేసే సంస్థ) గ్రేడు గోడ మీద ఉంటే దాని గడువు తేదీ కూడా చదవండి. లైబ్రరీకి పోయి తెలుగు అకాడమీ బీఏ పుస్తకాలు ఎన్ని కాపీలున్నాయో, ఇష్యూ రిజిస్టర్‌లో చివరి తేదీ ఏదో చూడండి. ఆరు నెలల కింది తేదీ ఉంటే ఆ లైబ్రరీకి తాళం వేసి ఉంటుందని అర్థం. తెలుగు మీడియం పిల్లకు ఇంకో ప్రశ్న తప్పనిసరి: తరగతి ఏ భాషలో చెప్తారు, పరీక్ష తెలుగులో రాయనిస్తారా? దోస్త్ ఆప్షన్లో మీడియం విడిగా కనిపిస్తుంది, అది చూడకుండా నొక్కి తర్వాత బాధపడేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

చివరగా, చరిత్ర చదివే పిల్లకు హన్మకొండ కంటే మంచి ఊరు మన వైపు లేదు. కాలేజీ ఎట్లా ఉన్నా ఊరు చదివిస్తుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి శాసనం అక్కడే ఉంది. పద్మాక్షి గుట్ట మీద జైన శిల్పాలున్నాయి, ఖిలా వరంగల్ తోరణాలు సిటీ బస్సు దూరంలో ఉన్నాయి. 1213 నాటి రామప్ప గుడి ములుగు దాటాక పాలంపేటలో. 1904లో మొదలైన శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం హన్మకొండలోనే ఉంది. నిజాం కాలంలో తెలుగు చదువు ఎట్లా నిలబడిందో ఆ గ్రంథాలయం చరిత్రే చెబుతుంది, తెలంగాణ ఉద్యమం పేపర్ చదివేవాళ్లు దాన్ని చూడకుండా ఉండకూడదు. రోజూ కూర్చుని చదవడానికి జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. గ్రూప్స్ వాళ్లు పొద్దున్నే సీట్లు పట్టేస్తారు, తలుపులు తీసే సమయానికే వెళ్లాలి.

ఈపాస్ కౌంటర్:

రీయింబర్స్‌మెంట్ గురించి ఎవరూ పూర్తిగా రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి 2 లక్షలు. బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ఇప్పుడే పెట్టండి. జూన్, జులైలో తహసీల్దార్ ఆఫీసుల్లో దరఖాస్తులు కుప్పలుగా ఉంటాయి. సర్టిఫికెట్లో పేరు, టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా దరఖాస్తు ఆగుతుంది. బ్యాంకు ఖాతా పిల్ల పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో సీడింగ్ అయి ఉండాలి. కాలేజీలో చేరాక ఈపాస్‌లో ఫ్రెష్ దరఖాస్తు, తర్వాత ప్రతి ఏడాది రెన్యువల్. రెన్యువల్ మరిచిపోయినందుకే ఒక ఏడాది ఫీజు మీద పడేవాళ్లు చాలామంది.

రీయింబర్స్‌మెంట్‌కు హాజరు 75 శాతం ఉండాలి. 90 పనిదినాల సెమిస్టర్ అనుకుంటే కనీసం 68 రోజులు. "రాకున్నా హాజరు వేస్తాం" అనే కాలేజీ మీకు మేలు చేస్తున్నట్టు కనిపిస్తుంది కానీ అక్కడ చదువు లేదని అదే చెబుతోంది.

"ఫీజంతా అందులో పోతుంది" అన్న మాటలో సగమే నిజం. వచ్చేది నిర్ణయించిన ట్యూషన్ ఫీజు. పరీక్ష ఫీజులు, బస్సు, యూనిఫాం, రికార్డులు, హాస్టల్ మీవే. పైగా ప్రభుత్వం నుంచి బకాయిలు ఏళ్ల తరబడి ఆగాయి, 2024 అక్టోబర్‌లో ప్రైవేట్ డిగ్రీ కాలేజీలు అందుకే బంద్ పెట్టాయి. ఆ భారం చివరికి ఎక్కడ పడుతుందంటే, మూడేళ్లయ్యాక పీజీలోనో బీఈడీలోనో చేరడానికి టీసీ అడిగినప్పుడు, "ప్రభుత్వం డబ్బులు రాలేదు, మీరు కట్టి తీసుకుపోండి" అంటారు. అందుకని చేరే రోజే కాలేజీ లెటర్‌హెడ్ మీద, రీయింబర్స్‌మెంట్ రాకపోతే టీసీ ఇచ్చేటప్పుడు ఎంత అడుగుతారో రాయించి సంతకం, ముద్ర వేయించుకోండి. ముఖం చాటేస్తే ఆ కాలేజీ వద్దు. ప్రభుత్వ కాలేజీల్లో ఫీజే తక్కువ కాబట్టి ఈ బాధ చాలావరకు ఉండదు, బీఏకు నేను అటే చెప్పేది అందుకే.

చేరి మానుకోవాల్సి వస్తే యూజీసీ 2018 అక్టోబర్ నోటిఫికేషన్ ఉంది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే కట్టిన ఫీజు మొత్తం, ప్రాసెసింగ్ కింద గరిష్ఠంగా 5 శాతం, అదీ 5,000 మించకుండా పట్టుకుని, వెనక్కి ఇవ్వాలి. చివరి తేదీకి 15 రోజుల కంటే తక్కువ మిగిలి ఉండగా అయితే 90 శాతం, చివరి తేదీ దాటి 15 రోజుల వరకు 80, ఆపైన 30 రోజుల వరకు 50, తర్వాత ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని కూడా అందులోనే ఉంది. మానుకుంటున్నట్టు దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తేదీతో రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. తేదీ లేకపోతే శాతం లెక్క తేలదు.

రేగొండ రోడ్డు:

చాలా మేలు చేశారు. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ అనే అనుకుంటున్నాం, పింగళి, కాకతీయ మొదటి ఆప్షన్లుగా. ఒక్క బస్సు సంగతి మిగిలింది. ఉచిత ప్రయాణం ఉంది కదా, రోజూ వచ్చిపోతే కాదా?

నయీంనగర్ నివాసి:

పరకాల నుంచైతె నేను కూడ అదే చెప్దును. రేగొండ కాడినుంచి హన్మకొండ యాభై కిలోమీటర్ల దాక అయితది. ఒక్క దిక్కుకు గంటన్నర, మీ పల్లెకెల్లి రోడ్డెక్కుడు వేరె. మహాలక్ష్మి పథకంల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండిట్ల ఆడోల్లకు టికెట్ పైసలు లేవు. తెలంగాణ అడ్రస్ ఉన్న ఒరిజినల్ ఆధార్ చూపిచ్చి జీరో టికెట్ తీసుకోవాలె, అడగకున్నా తీసుకోవాలె. డీలక్స్, సూపర్ లగ్జరీకి అది నడువది. పైసలకు ఇబ్బంది లేదు గని పొద్దుగాల ఏడు, ఎనిమిది నడుమ భూపాలపల్లికెల్లి వచ్చే బస్సులు పరకాల కాడికే నిండిపోతయి, ఆ తర్వాత ఎక్కెటోల్లకు కాలు పెట్టె సందు ఉండది. నిలబడి వచ్చిన పిల్ల మొదటి పీరియడ్ల ఏం వింటది? రోజుకు మూడు గంటలు రోడ్డు మీద పోతె లైబ్రరీకి పోయెటందుకు పొద్దే మిగలది.

భాషానిలయం మెట్లు:

నాది కొంచెం వేరే మాట. మొదటి సెమిస్టర్‌కు హాస్టల్ సీటు రాకపోతే తొందరపడి ఏదో ప్రైవేట్ హాస్టల్లో అడ్వాన్సు పోయకండి. రెండు నెలలు బస్సులో రానివ్వండి. తోటి పిల్లలు పరిచయమవుతారు, ఎవరు ఎక్కడ ఉంటున్నారో, ఏ హాస్టల్లో తిండి బాగుందో వాళ్ల నోటనే తెలుస్తుంది. అప్పుడు నలుగురు కలిసి చూసుకుంటే మేలు. దసరా సెలవుల తర్వాత మానేసినవాళ్ల సీట్లు ప్రభుత్వ హాస్టళ్లలో ఖాళీ అవుతాయి, అప్పుడు మళ్లీ వార్డెన్‌ను కలవండి. వానలు గట్టిగా పడే జులై, ఆగస్టు కూడా ఆలోపు దాటిపోతాయి కాబట్టి ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో చెల్లె కళ్లతోనే చూసి ఉంటుంది.